బిడ్డల ముచ్చట యెవరి సొత్తు?

బిడ్డలున్న యింట దినమున కొక ముచ్చట జరుగక మానదు. మాటలు నేర్చుచున్న నోట ఒక వింతపలుకు వెలువడును. తినుమని పెట్టిన ముద్ద కాకికి పోవును. నిద్రలో ఒక నవ్వు కనబడును. ఇవన్నియు వచ్చినంత వేగముగనే పోవును. నిన్నటి పలుకును నేడు మరల పలుకుమన్న బిడ్డ పలుకదు. పలికినను అది నిన్నటి పలుకు కాదు. కావుననే తల్లిదండ్రుల మనసు ఎట్లయిన వీనిని పట్టి నిలుపవలెనని తొందరపడును. పూర్వము ఆ తొందరకు తగిన సాధనము లేదు. నేడు ప్రతివాని జేబులోను ఒక సాధనమున్నది. దానితో ముచ్చటను పట్టుటయు, పట్టినదానిని పదిమందికి పంపుటయు ఒక్క నిమిషపు పని. పని యింత సులభమైనప్పుడు, ఇది చేయదగినదా యను ప్రశ్న పుట్టుటయే లేదు. మాకును పుట్టలేదు. పుట్టించినది మా యింటి యైదేండ్ల పిల్ల. ఆ వృత్తాంతమును చదువరులకు విన్నవించి, దానివలన మేము నేర్చినదేమో చెప్పుదుము.

మాది అనంతపురము జిల్లాలోని ఉరవకొండ. పడగ విప్పిన పామువలె ఊరిమీద నిలిచియున్న కొండను బట్టి దీనిని ఉరగకొండ యనిరనియు, అదియే క్రమముగ ఉరవకొండ యైనదనియు మా పెద్దలు చెప్పుదురు. మా సీమకు ఏడాది మొత్తమున కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల కావలనే బరువు దించుకొని మాయొద్దకు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమువారికి పెట్టి, మిగిలినదానిని మాకు తెచ్చును. తుంగభద్ర ఎగువ కాలువ నీరును, ఇటీవల హంద్రీ-నీవా కాలువ నీరును కొన్ని పొలములకు అందినను, తక్కిన నేలయంతయు నేటికిని ఆకాశమువంకనే చూచుచుండును. ఇట్టిచోట పెరుగు బిడ్డలకు పచ్చని మొలక యన్న ఆటవస్తువు కాదు, అదియొక పండుగ.

కొన్ని యేండ్ల క్రిందట నొక వానకారున మా పిల్ల వంటింటి డబ్బాలోనుండి వేరుశనగ గింజ నొకదానిని తీసి పెరటిలో పాతినది. ఈ సంగతి మాకెవరికిని తెలియదు. వాళ్ల యమ్మ గిన్నెలు కడిగిన నీరు పారబోయబోవునప్పుడు చెంబుతో పట్టుకొనిపోయి దానికి పోసెడిది. కొన్ని దినములకు మొలక లేచి నాలుగాకులు విప్పుకొనెను. అది మొదలు ఆ పిల్ల అన్నపుగిన్నె తీసికొనిపోయి దానియెదుట కూర్చుండి తినసాగెను. ఒకనాటి సాయంకాలము ప్రక్కయింటి మేక దడిసందున దూరి వచ్చి, ఒక్క నోట ఆ మొలకను పెరికి నమలినది. పిల్ల పరుగున వచ్చి చూచి, నేల కూలబడి, మేక మెడను రెండు చేతులతో పట్టుకొని, వెక్కి వెక్కి ఏడ్చుచు దానితో అన్నది:

"ఆకలైతే నన్ను అడగొచ్చు కదా! అడిగింటే నేనే పెడ్తాంటి కదా!"

మేకను తిట్టలేదు, రాయి విసరలేదు. మొలక పోయినందుకంటె, తన్ను అడుగకుండ పోయినందుకే ఆమె కెక్కువ దుఃఖము. ఇంత న్యాయము ఆ పసినోట వినినంతనే మాకు ఒడలు పులకించెను. ఆ పులకింతలో మేము చేసిన పనియేమి? జేబులోని ఫోను తీసితిమి. ఆమె ఆ మాటనే మరల మరల అనుచుండగా, మేక తాపీగా నమలుచుండగా, నిమిషమున్నర వీడియో తీసితిమి. తీసి బంధువుల గ్రూపులో పెట్టితిమి.

ఆ రాత్రి ప్రశంసలకు కొదువ లేదు. మేనత్తలు ముద్దులు పంపిరి. పినతండ్రులు "బంగారుతల్లి" యనిరి. ఎన్నడును పలుకరింపని దూరపుచుట్టమొకడు "పెంపకమన్న నిట్లుండవలె" నని వ్రాసెను. మేము పండుకొనులోపల నాలుగుసార్లు ఫోను తీసి చూచుకొంటిమి. చూచుకొన్నది బిడ్డను కాదు, ప్రశంసలను. ఈ సంగతి చెప్పుకొనుటకు నేడు సిగ్గగుచున్నది. అయినను చెప్పకున్న ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

మూడవనాడు బళ్లారిలోని మిత్రుడొకడు "మంచి హాస్యము, చూడుము" అని మాకొక వీడియో పంపెను. తెరచి చూడగా అది మా పిల్ల. బంధువులలో నెవరు ఎవరికి పంపిరో, వారు మరెవరికి పంపిరో, ఆ యేడ్పు వెనుక ఒకరు సినిమా హాస్యపు వాద్యములు చేర్చిరి. మరియొకరు మేకచేత మాటలాడించిరి. మిత్రునికి అది మా బిడ్డయని తెలియదు. అతడు నవ్వినట్లే మేమును ఎవరి బిడ్డను చూచియో ఎన్నిమారులు నవ్వియుంటిమో!

అటుపిమ్మట బడిలో పెద్దపిల్లలు కొందరు ఆమె పెన్సిలు లాగికొని, ఏడ్పుగొంతుతో "అడిగింటే నేనే పెడ్తాంటి కదా" యని వెక్కిరింప మొదలుపెట్టిరి. ఇది ఆమె తల్లితో చెప్పుకొనెను, మాతో చెప్పలేదు. మేము గదిలోనికి వచ్చినంతనే గోడవైపు తిరిగి కూర్చుండెడిది. కొన్నాళ్లు చూచి ఒకనాడు అడిగితిమి.

"ఏంటికమ్మా అట్ల తిరుక్కుంటావు?"

"నువ్వు తీస్తావు."

"తీయనులే. ఫోను లోపల పెట్టినా."

కొంతసేపు ఊరకుండి, గోడతో చెప్పినట్లు చెప్పినది: "మేక అడగలేదు. నువ్వూ అడగలేదు నాయనా."

మేము చదువుకొన్నవారము. సంస్కారమును గూర్చి, బాలల వికాసమును గూర్చి పదిమందిలో మాటలాడినవారము. ఐదేండ్ల బిడ్డ తీర్పున మేమును మేకయు ఒక్క దోషమునకే పాత్రులమైతిమి. కాదనుటకు మాకు మాట దొరకలేదు. మేకకు ఆకలి యను కారణమైన నున్నది; మాకదియు లేదు.

వెంటనే చేయగలిగినది చేసితిమి. మాయొద్దనున్నది చెరిపితిమి, బంధువులను చెరుపుడని వేడుకొంటిమి. వారు మంచివారు, చెరిపిరి. కాని ఈ సాధనముల ధర్మము వేరు. ఒకరికి పంపిన చిత్రము వారియొద్ద వేరుప్రతియై నిలుచును. వారు మరియొకరికి పంపిన ఇంకొక ప్రతి పుట్టును. మొదటిదానిని చెరిపిన తక్కినవి చెరగవు. నోట జారిన మాటను విన్నవారైన కొన్నాళ్లకు మరతురు. దీనికి మరపు లేదు. నాలుగాకుల మొలకకు ఏడ్చిన ఆ బిడ్డ పదునెనిమిదేండ్ల యువతియైన నాడును, ఎక్కడనో ఎవరి ఫోనులోనో మేకమెడ పట్టుకొని ఏడ్చుచునే యుండును.

పంపుటలోని తప్పు మాకు మొదటనే తెలిసినది. తీయుటలోని తప్పు తెలియుటకు ఇంకను కొంతకాలము పట్టినది. ఆ నిమిషమున్నర మేమేమి చేయుచుంటిమి? బిడ్డ నేల గూలి ఏడ్చుచుండగా ఎదుట నిలుచుంటిమి. చేతులు ఫోను పట్టుకొనియున్నవి గనుక ఆమె నెత్తుకొనలేదు. కన్నులు తెరమీదనున్నవి గనుక ఆమె మావంక చూచినదో లేదో ఎరుగము. పిమ్మట తల్లి చెప్పగా తెలిసినది: ఆమె రెండుమారులు మావంక చేయి చాచినదట. వీడియోలో అది యున్నది. ఎన్నిమారులో చూచియు మేము దానిని కనిపెట్టలేదు. పోవుచున్న క్షణమును నిలుపబోయి, ఆ క్షణమున మేము చేయవలసిన పనిని పోగొట్టుకొంటిమి. బిడ్డ బాల్యము మాకు జ్ఞాపకముండవలెనని తీసితిమి. బిడ్డకు మాత్రము ఆనాడు తండ్రి తన్ను ఎత్తుకొనలేదన్నదే జ్ఞాపకముండును.

ఇందుకు పూర్వకాలమే మేలని కొందరనవచ్చును. మేమట్లనము. మా నాయనగారు చేనేతవారు. మా యూరు మగ్గములకు పేరుపడినది. ఇంటి ముందరి సాలలో గుంటమగ్గముపై పట్టుచీరలు నేసి ఆయన మమ్ము చదివించిరి. ఆనాటి మర్యాద యేమన, పెద్దల యెదుట ఎవడును తన బిడ్డను ఎత్తుకొనరాదు, ముద్దాడరాదు. మా తాతగారు ఇంట నున్నంతసేపు మా నాయనగారు మా పేరు పెట్టి పిలుచుటకును జంకెడివారు. మాకు జబ్బుచేసిన రాత్రి సయితము అవ్వ చేతిలోనుండి మమ్మందుకొనక, గడపలో నిలుచుండి "ఎట్లుంది?" అని అడిగెడివారట. ప్రేమ లేక కాదు. ప్రేమను కనబరచుట లోకువయని ఎవరో పెట్టిన కట్టుబాటు. దానివలన ఎందరు బిడ్డలు తండ్రి స్పర్శ యెరుగక పెరిగిరో లెక్కలేదు. ఆ కట్టుబాటు సడలుట మేలే యయినది.

తాతగారు సంతకు పోయిన యొక దినమున మా నాయనగారు మమ్ము పిలిచి, మగ్గపుగుంటలో కాళ్లు వ్రేలాడదీసి కూర్చున్న తమ ఒడిలో కూర్చుండబెట్టుకొని, మాచేతికి నాడె యిచ్చిరి. విసరితిమి. పట్టుపోగు తెగినది. భయపడి ముఖము చూచితిమి. ఆయన యేమియు ననక, పోగు అంటించి, మరల నాడె మాచేతికే యిచ్చిరి. దీనికి మేము తప్ప సాక్షి లేరు; చిత్రము లేదు; ఎవరును మెచ్చుకొనలేదు. ఏబదియేండ్లు కావచ్చుచున్నను, ఆ యొడి వెచ్చదనమును, తెగిన పోగు నంటించిన ఆ వ్రేళ్ల నేర్పును మాకు నిన్నటివలె నున్నవి. మాకు దొరికినది ఆ యొక్క దినమే. అట్టివి నూరు దొరకవలసియుండెను.

లోకుల కన్నునకు జంకి ఆనాటి తండ్రి బిడ్డ నెత్తుకొనలేదు. లోకుల కన్నునకు చూపుటకై నేటి తండ్రి ఎత్తుకొనుచున్నాడు. ఈ రెండింటిని మేము వేరుగా చూచుచుంటిమి. ఇప్పుడు రెండును ఒక్క రోగమే యని తోచుచున్నది. రెండుచోట్లను తండ్రి చూపు బిడ్డమీద లేదు. బిడ్డ భుజముమీదుగా లోకులమీద నున్నది. సంస్కరణము సగమైనది. బిడ్డను దగ్గరకు తీయుట నేర్చితిమి. లోకుల చూపును ఇంటివెలుపల నిలుపుట ఇంకను నేర్వలేదు.

మాకు సమీపముననే వజ్రకరూరు కలదు. తొలకరి వానలు పడినంతనే దూరప్రాంతములనుండి సయితము జనులు అక్కడకు వచ్చి, పొలములలో తలలు వంచి వజ్రములకై వెదకుచుందురు. వాన పైమన్నును కడుగును; ఎండ పడినప్పుడు రాయి తళుక్కుమనును. ఆ తళుకు కంటబడుటకు ఓర్పు కావలెను, వంగిన నడుము కావలెను. పలువురు వట్టిచేతులతోనే తిరిగిపోవుదురు. ఏ యొక్కనికో దొరకిన, వాడు కేక వేయడు. కొంగున ముడివేసికొని నెమ్మదిగ ఇల్లు చేరును. బిడ్డల ముచ్చటలును ఇట్టివే. దినమంతయు మన్నుగా కనబడిన సంసారమున ఒక్క తడవ ఏదియో తళుక్కుమనును. వంగి చూచువారికే అది దొరకును. దొరకినప్పుడు పొలమంతటికి వినబడునట్లు కేకవేసిన మేము ఆ కూలిజనముకంటె తెలివిమాలినవారమైతిమి.

అట్లయిన బిడ్డలనుగూర్చి పెదవి విప్పరాదా, ఎవరికిని ఏదియు పంపరాదా యని చదువరులు అడుగవచ్చును. మా యభిప్రాయమది కాదు. మా వీధిలోనే యొక యింట అవ్వయొద్ద మనుమడు పెరుగుచున్నాడు. వాని తలిదండ్రులు వానలు తప్పిన యేట బెంగుళూరికి కట్టడపు పనికి పోయిరి. మా సీమలో ఇట్టి యిండ్లు అనేకములు. పిల్లవాడు అన్నము తినునప్పుడు అవ్వ ఫోనును గోడకు ఆనించిపెట్టును. అక్కడ ఇటుకలు దించి వచ్చిన తల్లి ఆ ముఖమును చూచి తానును తినును. ఆ ఫోనును నిందించు నోరు మాకు లేదు. అది ఆ తల్లికి ప్రాణాధారము. ఎదురుచూచువారికి పంపుట వేరు. ఎదురుపడినవారి కెల్ల పంచుట వేరు. మొదటిది జాబు, రెండవది దండోరా.

ఇక ఆలోచనలు పంచుకొనుట మరియు వేరు. అది చేయదగినదే గాక చేయవలసినది. ఇంటి సంగతులను అచ్చులోనికి తెచ్చి చర్చించుట తెలుగువారికి క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధనిని, 1883లో స్త్రీలకై సతీహితబోధినిని వెలువరించిరి. 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారు చెన్నపట్టణమున గృహలక్ష్మిని స్థాపించిరి. బాల్యవివాహములను నిరోధించు శారదాచట్టము 1929లో పుట్టుటకు ముందు, పుట్టిన పిమ్మట, దేశమంతటను ఎన్ని పత్రికలలో ఎన్ని వాదములు జరిగెనో! ఇంటి విషయము ఇంటనే యుండవలెనని అందరును ఊరకున్నచో ఎనిమిదేండ్ల బాలిక నేటికిని పెండ్లిపీటలమీదనే యుండెడిది. నేడును అంతే. రాత్రులు ఉలికిపడు బిడ్డను తాను ఎట్లు ఊరడించెనో ఒక తల్లి వ్రాసిన, మరియొక యూరి తల్లికి ధైర్యము కలుగును. కొట్టకుండ చదువు చెప్పవచ్చునని ఒక తండ్రి తన యనుభవము చెప్పిన, పది యిండ్లలో బెత్తము అటకెక్కును.

అయితే ఆలోచనకును ముచ్చటకును భేదమున్నది. ఆలోచన విత్తనమువంటిది, ఎందరికి పంచిన అన్ని చేలలో మొలచును, ఇచ్చినవానికిని తక్కువపడదు. ముచ్చట మొలకవంటిది, అది పుట్టినచోటనే బ్రదుకును, పదిమందికి చూపుటకు పెరికిన చచ్చును. ఆలోచన మాది, కావున ఇచ్చుటకు మాకధికారము కలదు. ముచ్చట సగము బిడ్డది. ఆ సగమును ఇచ్చివేయుటకు మేమెవరము?

ఇంగ్లండున చార్లెసు డార్విను 1839 డిసెంబరులో పుట్టిన తన ప్రథమపుత్రుని యేడ్పును, కోపమును, భయమును, తొలిపలుకులను శ్రద్ధగా వ్రాసిపెట్టుకొనెను. మనుష్యుల ముఖవికారములను గూర్చి ఆయన 1872లో ప్రకటించిన గ్రంథమునకు ఆ పరిశీలనము తోడ్పడినది. ఆ శిశువును గూర్చిన వ్యాసమును ఆయన 'మైండ్' అను పత్రికలో ప్రకటించినది 1877లో. అప్పటికి ఆ శిశువు 37 ఏండ్ల పురుషుడు. తండ్రి చూచిన ముచ్చట లోకమునకు ఉపకరించు ఆలోచనగా పండుటకు అంతకాలము పట్టెను. మేమో, తీసిన మూడవ నిమిషమున పంపితిమి. అది ఆలోచనగా మారుటకు మేము సందీయలేదు. మా పిల్ల మాటలోని న్యాయము మాకు బోధపడుటకు ముందే అది బళ్లారిలో హాస్యమైపోయినది.

రాజ్యములు సయితము ఈ విషయమున ఇప్పుడిప్పుడే కన్ను తెరచుచున్నవి. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణము బాలుని ఏకాంతమునకు రక్షణ చెప్పినది. 1992లో మనదేశము దానిలో చేరినది. ఫ్రాన్సు దేశము 2024లో ఒక శాసనముచేసి, బిడ్డ చిత్రముపై బిడ్డకుగల హక్కును తల్లిదండ్రులిరువురును కలిసి కాపాడవలెననియు, బిడ్డ వయసునకును తెలివికిని తగినట్లు బిడ్డనుకూడ ఆ నిర్ణయమున చేర్చుకొనవలెననియు విధించినది. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి వివరములను వాడుకొనదలచిన సంస్థలు మొదట తల్లిదండ్రుల సమ్మతి పొందవలెనని చెప్పుచున్నది. సొంతపనికై, ఇంటిపనికై మనుష్యుడు చేసికొనునది దానికి లోబడదు. అనగా శాసనము తల్లిదండ్రులను నమ్మి వాకిట కావలి పెట్టినది. కావలివాడే తలుపు తీసి పిలిచిన, శాసన మేమిచేయును? ఈ తలుపునకు తాళము ఇంటివారి మనసులోనే యుండవలెను.

అందుచేత మేము మా యింట కొన్ని మార్పులు చేసికొంటిమి. మొదటిది క్షమాపణము. తండ్రి బిడ్డను క్షమింపుమని కోరుట మా వంశమున జరిగినట్లు వినలేదు. ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట, ఇంటివారందరి యెదుట, ఆ పిల్ల కెదురుగా కూర్చుండి, "నిన్ను అడగకుండా పంపించినాను. తప్పు చేసినానమ్మా" అని చెప్పితిమి. మా యమ్మ నిర్ఘాంతపోయి, "బిడ్డను తప్పయిందని అడిగేదేందిరా? రేపు నెత్తికెక్కదా?" అనెను. పిల్ల నెత్తికెక్కలేదు. కొంత యోచించి, "మేకకు తెలీదు. నీకు తెలుసు కదా" అని మాత్రమన్నది. ఆనాడు క్షమింపలేదు. కొన్ని వారములు గడచిన పిదప, ఒకనాడు గోడవైపు తిరుగుట మానివేసినది. అదే క్షమించుట యని గ్రహించితిమి.

రెండవది: ఇంటికి వచ్చినంతనే ఫోనును గూటిలో పెట్టుట. మా చేతులు ఖాళీగా నున్నవని బిడ్డకు కనబడవలెను. మూడవది: ఒక నోటుపుస్తకము. రాత్రి బిడ్డ నిద్రించిన తరువాత ఆనాటి ముచ్చట నొక్కదానిని నాలుగు పంక్తులలో వ్రాసికొందుము. వ్రాయునప్పుడు సగము మరచియుందుము. మరచినది మరచుటకే పుట్టినదని సమాధానపడుదుము. ఆ పుస్తకము ఆమెది. చదువ నేర్చినది మొదలు ఆమె పెట్టెలోనే యున్నది. వ్రాయవలసినప్పుడు మేము అడిగి తీసికొందుము. నాలుగవది: ఎవరికైన చిత్రము పంపవలసివచ్చిన, ముందు ఆమెకు చూపి, ఎవరికో చెప్పి, సరేయనిన పంపుట. "అవ్వకు పంపు, మామకు వద్దు" అని ఆమె తీర్పు చెప్పినప్పుడు మాకు నవ్వువచ్చును; అయినను తీర్పు తీర్పే.

అడుగుట యను నీ అలవాటు ఫోనుతో ఆగలేదు. ఆనాడు నిర్ఘాంతపోయిన మా యమ్మయే ఇటీవల పిల్లను ముందు కూర్చుండబెట్టుకొని, "ఒక జడనా, రెండు జడలా?" అని అడుగుచుండగా వింటిమి. డెబ్బది యేండ్లు దాటిన యామెను తన జీవితమున ఏ విషయమందును ఎవరును అట్లు అడిగియుండరు. ఆ ప్రశ్న ఆమె నోట వినినప్పుడు, ఆమెకు జరుగవలసిన దేదో కొంత ఆలస్యముగనైన మా యింట జరిగినదని తోచినది.

ఇప్పుడా పిల్లకు తొమ్మిదేండ్లు. ఈ వ్యాసమును వ్రాసి ముగించి ఆమెకు చదివి వినిపించితిమి. మేకకథ చెప్పుకొనవచ్చునని ఒప్పుకొన్నది. "మొలక నాలుగాకులది కాదు, ఐదాకులది" అని సవరించినది. మేము నాలుగని పట్టుబట్టగా, "సరే, నీ కథలో నాలుగే పెట్టుకో" అని యొప్పినది. తన పేరు వ్రాయవద్దన్నది. మేము మిక్కిలి ముచ్చటపడి వ్రాసిన మరి రెండు సంగతులను మాత్రము కొట్టివేయించినది. వానిలో నొకటి గడచిన వానకారున పెన్నహోబిలమున, ఏటిలోనికి నీరు వచ్చిన దినమున, ఆమె ఆ నీటిని చూచి అన్న మాట. ఈ వ్యాసమున కంతటికిని అదియే శిఖరమని తలచి చివర నుంచితిమి. అదెంత మంచిమాటయో చదువరులకు చెప్పవలెనని మాకు నేటికిని ఆశగనే యున్నది.

అడిగితిమి. వద్దన్నది.